మిగిలిన నట్టు

మా మనవరాలి పెళ్లికి ముందుగా ఫోటోలు తీస్తారట. అందుకని బళ్లారి సత్యనారాయణపేటలో మా ఇంటి ముందుకి ఒక పాత మోటారు సైకిలు తెచ్చి నిలబెట్టారు. పక్కన తొట్టి ఉన్న బండి. ఇప్పటి పిల్లలు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు చెబుతారు గానీ మేం తొట్టి అనే అనేవాళ్లం. బండికి ఎర్ర రంగు కొట్టి, తొట్టి చుట్టూ బంతిపూల దండలు కట్టి, లోపల పట్టు దిండు వేశారు. నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఆ కుర్రాడు కిక్కు కొట్టాడు. డబడబమనే ఆ మోతతో పాటు పెట్రోలూ, కాలిన నూనే కలిసిన వాసన వీధంతా కమ్మింది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"అవ్వా, రా. నువ్వూ తొట్లో కూర్చో. ఒక్క ఫోటో" అంది మనవరాలు.

"నేను కూర్చోను ఫో."

"ఏమీ కాదులేవ్వా. యాల అంత భయం? బండి నిలబడే ఉండాది కదా."

నిలబడే ఉంది. నాకూ కళ్లున్నాయి. కానీ నా కాళ్లు వినడం లేదు. ఇంత వయసొచ్చి, ఇంతమందిని కని పెంచి, నిలబడ్డ బండిని చూసి వణుకుతోందీ ముసలిది అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. భయం సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. ఎందుకు భయమో తెలిస్తే మీ నవ్వు మీరే ఆపుకుంటారు.

మాది కోస్తా. తుంగభద్ర నీళ్లు కాలవల్లోకి వదిలారనీ, బళ్లారి వైపు నల్లరేగడి దొరుకుతోందనీ విని మా నాన్న అక్కడి కాస్త పొలమూ అమ్మేసి, నానమ్మనీ అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని వచ్చేశాడు. మాలాంటివాళ్లు కాలవ కింద గుడిసెలు వేసుకున్న చోటిని క్యాంపు అనేవాళ్లు. మట్టి గోడలు, జమ్ము కప్పు. ఎదురుగా వరిమళ్లు, వెనక తుమ్మచెట్లు. రాత్రయితే కప్పలు, తెల్లారితే కొంగలు. మనుషులు మాత్రం దూరదూరంగా ఉండేవాళ్లు. బళ్లారి వెళ్లాలంటే కాలవ గట్టు మీద చాలాదూరం పోయి, అక్కడ రోడ్డెక్కి, సంగనకల్లు గుట్టలు దాటాలి.

అక్కడి మట్టి గురించి చెప్పాలి. ఎండితే కాలు దిగేంత నెర్రెలు. తడిస్తే మనిషిని కదలనివ్వదు. అడుగు తీసి అడుగు వేసేసరికి ఒక్కో కాలికి ఒక్కో ముద్ద. "మన ఊరి మట్టి కాళ్లు కడుక్కుంటే పోయేది. ఈ మట్టి కాళ్లతోనే పోయేట్టుంది" అని నానమ్మ రోజూ తిట్టేది. గోంగూరకి కూడా పులుపు లేదని తిట్టేది. తిడుతూనే పచ్చడి నూరి, పక్క చేని పెద్దాయన ఇంటికి నా చేత పంపేది. వాళ్లు తరతరాలుగా ఆ నేల మీదే ఉన్నవాళ్లు. ఆయన భార్య ఆ గిన్నెలోనే రెండు జొన్నరొట్టెలు, మీద వాళ్లు గురెళ్లు అనే వెర్రినువ్వుల పొడి, పక్కన వెన్నముద్ద పెట్టి తిరిగి పంపేది. దారిలోనే ఆ వెన్న సగం నాకేసేదాన్ని. నానమ్మకి తెలుసు, ఏమీ అనేది కాదు.

క్యాంపుకి వచ్చిన కొత్తలోనే అమ్మకి నొప్పులొచ్చాయి. ఎద్దులబండి కట్టి బళ్లారి బయల్దేరారు. వానాకాలం. బండి రేగడిలో దిగబడింది. లాగుతూ తోస్తూ ఉండగానే దారిలో మగపిల్లాడు పుట్టి, దారిలోనే పోయాడు. నేను మరీ చిన్నదాన్ని, నాకేమీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ తర్వాత మా ఇంట్లో ఎద్దులబండి మాట ఎవరూ ఎత్తకపోవడం. ఆ మరుసటి కోతలయ్యాక నాన్న ఎక్కడికో వెళ్లి ఒక మోటారు సైకిలు తెచ్చాడు.

యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న బండి అది. ఎన్ని చేతులు మారి వచ్చిందో. ఎడమ పక్కన తొట్టి కూర్చునే ఇనప చట్రం ఉంది గానీ, తొట్టి లేదు. తొట్టి నాన్నే చేశాడు. అడుగుకి మా పాత భోషాణం చెక్కలు, చుట్టూ నూనె డబ్బాల రేకు, లోపల అమ్మ పాత చీరలు కుట్టిన బొంత. మనిషి కాళ్లు చాపి పడుకోవచ్చు. అప్పట్లో ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ కొలత దేనికో అందరికీ తెలుసు. నానమ్మ మాత్రం చూసి, "ఏం బండిరా ఇది, పాడె కట్టినట్టు కట్టావు" అంది. నాన్న ఆ పూట అన్నం తినలేదు.

ఆయన మెకానిక్కేమీ కాదు, వరి రైతు. చూసి, విప్పి, చెడగొట్టి నేర్చుకున్నాడు. రేగడి మట్టి చక్రానికీ పైరేకుకీ మధ్య కూరుకుపోయి చక్రం పట్టేస్తోందని, పైరేకుని విప్పి, జానెడు పైకి లేపి బిగించాడు. పెట్రోలులో నలుసు పోకూడదని పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టి పోసేవాడు. గొలుసుకి మామూలు నూనె చాలదని, మూకుడులో ఆముదం కాచి గొలుసుని అందులో ఉడికించేవాడు. ఆ వాసనకి నానమ్మ ముక్కు మూసుకుని, "నా తలకి లేని ఆముదం దానికా!" అని శాపనార్థాలు పెట్టేది. తొట్టిని చట్రానికి నట్లతో బిగించి, అది చాలక ఇనప తీగ చుట్టి, అదీ చాలక ఎద్దు పలుపుతో కట్టేవాడు. "ఊడాక బిగించేదేముంది? ఊడకముందే బిగించాలి" అనేవాడు. రోజూ చీకటి పడేలోగా ఒకసారి పానా పట్టుకుని బండి చుట్టూ తిరిగి రావాల్సిందే. ఇప్పుడు ఆలోచిస్తే, అదంతా ఆయన భయం. అప్పుడు మాత్రం మా నాన్నకి భయమన్నదే లేదనుకునేదాన్ని.

భయమంతా నాకే ఉండేది. తొట్టి ఖాళీగా ఉంటే ఎడమ వైపు మలుపు తిరిగేటప్పుడు తొట్టి చక్రం గాల్లోకి లేస్తుంది. అందుకని తొట్టిలో బరువుండాలి. బళ్లారికి పోయేటప్పుడు వడ్ల బస్తా ఉండేది. వచ్చేటప్పుడు ఏదీ ఉండేది కాదు. అందుకు నేను.

"ఇసక బస్తా వేసుకోవచ్చుగా నాన్నా?"

"బస్తా వంగుతుందా? నువ్వు వంగుతావు."

తిరుగుదారిలో కాలవ ఎడమ పక్కన ఉండేది. తూము దగ్గర గట్టు కాలవతో పాటు ఎడమకి తిరుగుతుంది. అక్కడ నాన్న "వంగు!" అని అరిచేవాడు. నేను తొట్టి అంచు పట్టుకుని, నడుం దాకా బయటికి, అంటే కాలవ మీదికి వంగాలి. కింద ఎర్రటి నీళ్లు. చప్పుడు చేయకుండా, ఎక్కడికో తొందరగా పోతుండేవి. ఆ తూములో ఒక దున్నపోతు పడి, అవతలి తూము దగ్గర తేలిందని పెద్దాయన చెప్పగా విన్నాను. ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకుని, దేవుడి పేరు కూడా గుర్తురాక, "వంగాను వంగాను వంగాను" అని గొణుక్కునేదాన్ని. ఇంటికొచ్చాక అన్నం దిగేది కాదు. చెబితే నాన్న నవ్వేవాడు. "కొంటె పిల్లవి, నీకు భయమేమిటే!"

ఒకసారి మాత్రం ఊరుకోలేదు. నాన్న కాలవ మీద పనికి బయల్దేరుతుంటే, తవుడు బస్తాకి నా పావడా తొడిగి, నెత్తిన తువ్వాలు చుట్టి, తొట్లో కూర్చోబెట్టి గడ్డివాము వెనక దాక్కున్నాను. నాన్న మసక చీకట్లో చూసుకోకుండా వెళ్లిపోయాడు. తిరిగొచ్చి, "ఈ పిల్ల నీకంటే నయం. ఏడవదు, తిండి అడగదు" అన్నాడు. క్యాంపంతా పగలబడి నవ్వింది. కానీ మళ్లీ వారం తొట్లో నేనే.

ఇక సోమవారం సంగతి. ఆ సీమలో సోమవారం ఎద్దుకి కాడి పెట్టరు. బసవన్న రోజు. ఎంత పదునున్నా సరే, ఎద్దులు గాటిపట్టున మేత మేస్తూ పడుకోవాల్సిందే. ఒక సోమవారం నాన్న బండి తీస్తుంటే పెద్దాయన గట్టు మీద ఎదురొచ్చాడు.

"యాడికి పోతాండావప్పా, సోమారం పూట?"

"ఇది ఎద్దు కాదు కదా పెద్దయ్యా."

"ఏం, అది మాత్రం బరువు లాగల్లేదా? ఇనప బసవన్న. ఒగ దినం దానికీ కాడి దించు. కన్నడమోళ్లు, తెలుగోళ్లు, అందరం దించేదే."

నాన్నకి మొక్కులూ ఆచారాలూ పట్టవు. కానీ ఆ మాట ఆయనకి నచ్చింది. బండిని పూర్తిగా విప్పి కడిగి చూసుకోవడానికి వారానికో రోజు దొరికింది. అప్పటి నుంచి సోమవారమంటే చావిట్లో గోనెపట్టా పరిచి, చక్రమూ గొలుసూ తొట్టి కీళ్లూ విప్పి, ఒక్కో నట్టూ కిరసనాయిలులో కడిగి వరసగా ఆరబెట్టేవాడు. సోమవారం మా బండి కదలదని క్యాంపులో అందరికీ తెలిసిపోయింది. పనులుంటే ఆదివారమో మంగళవారమో చెప్పేవాళ్లు.

ఇంతలో అమ్మకి మళ్లీ నెల తప్పింది. నానమ్మ గడప దాటనిచ్చేది కాదు. సందెవేళ పెరట్లోకి వెళ్లొద్దంటుంది, కొంగు చివర ఏదో ఒకటి ముడివేస్తుంది, దిష్టి తీస్తుంది. నాన్న మాత్రం ఇంకా ఎక్కువగా బండి చుట్టూ తిరిగేవాడు. తొట్లో బొంత మీద మరో బొంత కుట్టించాడు. పక్కన నీళ్ల చెంబు పెట్టుకోవడానికి రేకుతో కొక్కెం చేశాడు. ఒకరోజు అమ్మ చూసి నవ్వుతూ, "నన్ను మహారాణిని చేసి తీసుకెళ్తారా ఏం?" అంది. నాన్న నవ్వలేదు.

వరి పొట్ట మీదుంది. రెండు రోజులుగా ముసురు. ఆ పొద్దున కాస్త తెరిపిచ్చింది. సోమవారం. నాన్న చావిట్లో గోనెపట్టా పరిచి మామూలుగానే అన్నీ విప్పేశాడు. నేను పక్కన కూర్చుని గొలుసుకి అంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాను. అమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. నాన్నకి అందించబోయి, ఆగి, గుంజ పట్టుకుంది. అలాగే కిందికి జారి గోనెపట్టా అంచు మీద కూర్చుంది. మజ్జిగ నట్ల మీద ఒలికింది.

"ఏమండీ" అంది మెల్లగా. నెలలు నిండలేదు. చీర మీద నెత్తురు నేనే ముందు చూశాను.

తర్వాత జరిగిందంతా నాకు చప్పుళ్లుగానే గుర్తు. నానమ్మ కేక. చెంబు దొర్లిన చప్పుడు. అమ్మని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టారు. పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చి, "బండి కట్టనా అప్పా?" అన్నాడు.

"ఎద్దులబండి వద్దు!" నాన్న అరుపుకి చావిట్లో పిచ్చుకలు లేచిపోయాయి. ఎందుకు వద్దో అందరికీ తెలుసు.

నాన్న గోనెపట్టా ముందు కూలబడ్డాడు. ఎదురుగా బండి ముక్కలు ముక్కలుగా ఉంది. ఏ రోజు కోసమని ఇన్నాళ్లూ బిగించాడో ఆ రోజు వచ్చేసరికి తన చేత్తోనే విప్పి పెట్టుకున్నాడు. నట్టు ఎక్కించబోతే జారిపోయేది. మళ్లీ ఎక్కించబోతే వంకరగా కూర్చునేది. పెద్దాయన చట్రం ఎత్తి పట్టుకున్నాడు. నేను ఏది అడిగితే అది అందించాను. లోపల అమ్మ మూలుగు వినిపించినప్పుడల్లా నాన్న పానా ఆగిపోయేది, మళ్లీ కదిలేది. చివరికి పట్టుకుని కదిలిస్తే తొట్టి గట్టిగానే ఉంది అనిపించేదాకా వచ్చింది. తీగ చుట్టడానికీ, పలుపు కట్టడానికీ టైము లేదు.

"అయిపోయింది" అని లేచాడు. లేచినవాడు గోనెపట్టా వైపు చూసి ఆగిపోయాడు. మజ్జిగ మరకలో ఒక నట్టు మిగిలి ఉంది.

నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు. ఎక్కడిదో తెలియలేదు. మళ్లీ విప్పి చూసేంత వ్యవధి ఎక్కడిది? అమ్మని తెచ్చి తొట్లో పడుకోబెట్టారు. మొహం పాలిపోయి ఉంది. నాన్న నన్ను పక్కకి లాగి, ఆ నట్టు నా చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"అమ్మ కాళ్ల దగ్గర కూర్చో. తొట్టి కీళ్ల మీదే కళ్లుంచు. ఏది కదిలినా కేకెయ్యి. ఇది పారేయకు. అమ్మకి చెప్పకు" అన్నాడు.

ఆ ఇనుము నా అరచేతిలో చల్లగా తగిలింది. బండికీ, మా అమ్మకీ మధ్య తక్కువైన నట్టు నా చేతిలో ఉంది. ఇంకెవరికీ తెలియదు. అంత భయం నేను ఆ తర్వాత ఎన్నడూ పడలేదు.

చావిడి నుంచి గట్టు దాకా రేగడి. చక్రాలు ఇంచీ కదలలేదు. నాన్న దిగి తోస్తే కాళ్లు జారాయి. అప్పుడు పెద్దాయన తన కొట్టం వైపు వెళ్లాడు. ఎద్దుల్ని విప్పుకొచ్చి మెడ మీద కాడి పెట్టాడు. నానమ్మ అంత ఏడుపులోనూ నోరు తెరిచి చూసింది.

"సోమవారం కదయ్యా!"

"సోమారం వారం వారం వస్తాదిలేమ్మా. మనిషి వస్తాదా? బసవన్నకి నేను సెప్పుకుంటా" అని పలుపు బండి ముందు చట్రానికి కట్టి ఎద్దుల్ని అదిలించాడు. ఆ ఎద్దులు మమ్మల్ని గట్టు మీదికి చేర్చాయి. కాడి విప్పేటప్పుడు ఆయన వాటి నుదుళ్ల మీద చెయ్యి పెట్టి కన్నడంలో ఏదో అన్నాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది.

గట్టు మీద నాన్న బండిని ఉరికించాడు. నేను అమ్మకి ఎదురుగా, ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కుడి పిడికిట్లో నట్టు. నా కళ్లు ముందు కీలు మీద, వెనక కీలు మీద, మళ్లీ ముందు కీలు మీద. బండి కుదిపినప్పుడల్లా ఎక్కడో కిర్రుమనేది. అదేనా? ఇప్పుడేనా ఊడేది? తొట్టి విడిపోతే మేం ఏ వైపు పడతాం, నాన్న ఏ వైపు పడతాడు అని లెక్కలు వేసుకున్నాను. అరవాలా వద్దా? అరిస్తే నాన్న ఆపుతాడు. ఆపితే ఆలస్యం. ఆలస్యమైతే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. పెదవి చిట్లి ఉప్పగా తగిలింది.

అమ్మ కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. ఆమె చెయ్యి పక్కన బొంత మీద ఏదో వెతుకుతున్నట్టు తడుముతోంది. నీళ్లు కావాలేమోనని చెంబు అందించాను. వద్దన్నట్టు తల తిప్పింది.

"చేతిలో ఏముందే?" అంది, వినీ వినపడనట్టు.

"ఏం లేదమ్మా."

"మరెందుకలా బిగించావు?"

"చలేస్తోంది" అన్నాను.

అమ్మ కళ్లు మూసుకుంది. మూసుకున్న రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి. నొప్పికేమో అనుకున్నాను. కాసేపటికి ఆమె తడమడం కూడా మానేసింది. "నాన్నా, తొందరగా!" అని అప్పుడు మాత్రం అరిచాను. సంగనకల్లు గుట్టలు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు దాటామో తెలియదు. తల ఎత్తేసరికి బళ్లారి కోటగుట్ట కనిపించింది.

పెద్దాసుపత్రిలో నర్సమ్మ "బేగ, బేగ" అని బంట్రోతుల్ని తొందరపెట్టి అమ్మని లోపలికి తీసుకెళ్లింది. తలుపు మూసేముందు నా గడ్డం పట్టుకుని, "హెదరబేడ పుట్టీ" అంది. భయపడకు అని. చెప్పడం తేలిక.

నాన్న ఆసుపత్రి ముంగిట్లో బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. పానాతో ఒక్కో కీలూ తట్టాడు. అన్ని నట్లూ ఉన్నాయి. లేచి, మళ్లీ మొదటి నుంచి చూశాడు. అన్నీ ఉన్నాయి. ఆయన మొహంలో భయం తగ్గలేదు సరికదా, పెరిగింది. "అన్నీ ఉంటే ఇదెక్కడిది? కంటికి కనపడని చోటుదన్నమాట. లోపలిది" అన్నాడు. కాసేపు బండి వైపూ, కాసేపు మూసిన తలుపు వైపూ చూశాడు. రెండింటి లోపలా ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు. నా పక్కన మెట్టు మీద కూర్చుని నా మూసిన పిడికిలిని తన చేతిలోకి తీసుకున్నాడు. అంగడివాడెవడో బొరుగుల ఉగ్గాని పొట్లం ఇచ్చిపోయాడు. ఆకలి నకనకలాడుతున్నా ఇద్దరం ముట్టలేదు. ఆ పొట్లం అలాగే చల్లారిపోయింది.

ఎండ వాలాక తలుపు తెరిచారు. మగపిల్లాడు. పిడికెడంత ఉన్నాడు గానీ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ బతికింది. డాక్టరమ్మ "ఇంకొంచెం ఆలస్యమైతే" అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేసింది.

అమ్మ కళ్లు తెరిచాక మొదట పిల్లాణ్ణి చూడలేదు. కొంగు చివర చూసుకుంది. ముడి ఊడి ఉంది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమైంది?" నాన్న కంగారుగా వంగాడు.

"ఇనప ముక్కండీ. పిల్లాడి పక్కన పెట్టమని అత్తయ్య నా కొంగున ముడేశారు. బాలింత పక్కన ఇనుము లేకపోతే గాలీ ధూళీ సోకుతుందంట. అప్పుడు, ఆ ఎద్దులబండిలో, అది లేకే అలా అయిందని ఆవిడ బాధ. పొద్దున చావిట్లో కూలబడ్డప్పుడు ఎక్కడో జారిపోయింది. దారంతా వెతుక్కున్నాను. అది లేదు, వీడూ దక్కడు అనుకున్నాను. మీకు చెబితే వెనక్కి తిప్పుతారేమోనని నోరు మూసుకున్నాను."

"ఏం ఇనప ముక్క?" అన్నాడు నాన్న.

"నట్టు. మీ నట్ల డబ్బాలోంచే తీశారు."

నేను పిడికిలి విప్పాను. పొద్దుటి నుంచి బిగించి ఉన్న వేళ్లు ఒక పట్టాన విచ్చుకోలేదు. అరచేతిలో ఆరు మూలల గుర్తు ఎర్రగా పడింది. అమ్మ ఆ నట్టుని లాక్కున్నట్టు తీసుకుని పిల్లాడి పక్కన, గుడ్డ కింద పెట్టి, అప్పుడు వాడి మొహం చూసింది.

అది చేతిలో ఉన్నందుకు నాన్నా నేనూ భయంతో చచ్చాం. అది చేతిలో లేదని అమ్మ భయంతో చచ్చింది. అమ్మా నేనూ ఒకే తొట్లో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. నాన్న మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని, నర్సమ్మ వచ్చి భుజం తట్టేదాకా ఏడ్చాడు.

మర్నాడు నానమ్మని తీసుకురావడానికి నాన్న క్యాంపుకి బయల్దేరాడు. తొట్టి ఖాళీ. బరువుకి నేనే. తూము దగ్గరికి వచ్చాం. కాలవ నిండుగా, ఎర్రగా పోతోంది. అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. "వంగు" అనే అరుపు రాలేదు. కళ్లు తెరిస్తే బండి ఆగి ఉంది. నాన్న దిగి, నన్ను ఎత్తి గట్టు మీద దింపాడు. ఖాళీ బండిని చేతులతో తోసుకుంటూ మలుపు దాటించి, వెనక్కి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీకు భయమని చెప్పేదానివి. నేను నవ్వేవాణ్ణి. నిన్న తెలిసిందమ్మా, భయమంటే ఎలా ఉంటుందో" అన్నాడు.

ఆ తర్వాత ఆ బండి మా ఇంట్లో చాలాకాలం ఉంది. ఆ మలుపు దగ్గర నాన్న ఎప్పుడూ దిగి తోసుకుంటూనే వెళ్లాడు. చూసినవాళ్లు బండి చెడిందేమో అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాడు. నా తమ్ముడు మొలతాడుకి ఆ నట్టు కట్టుకుని పాకాడు, నడిచాడు, ఎక్కడో పారేసుకున్నాడు. పెద్దాయన పోయాడు, నానమ్మ, నాన్న, అమ్మ, ఒకరి వెనక ఒకరు. క్యాంపులో జమ్ము కప్పులు పోయి మేడలొచ్చాయి. గట్టు మీద తారు వేశారు. సోమవారాలు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, వాటికి కాడి దించేవాళ్లెవరూ లేరు.

చివరికి మనవరాలి పోరు పడలేక తొట్లో కూర్చున్నాను. ఫోటో తీసే అబ్బాయి ఏదో అన్నాడు, అందరూ నవ్వారు, వెలుగు మెరిసింది. తర్వాత ఫోన్లో చూపించారు. పెళ్లికూతురు నవ్వుతోంది, పెళ్లికొడుకు నవ్వుతున్నాడు. నేను మాత్రం ఎడమ పక్కకి వంగిపోయి ఉన్నాను.

"ఏందవ్వా ఇది? నెట్టగ కూర్చోరాదా? ఆ చెయ్యి యాల అట్ల మూసుకుంటివి? ఏముండాది దాంట్లో?" అంది మనవరాలు.

"ఏం లేదమ్మా" అన్నాను.